రష్యన్ కవిత్వంలో మనం అచ్చువేయని భాగం: తెలుగు సంపాదకులకు, అనువాదకులకు బహిరంగ లేఖ

తెలుగు సాహిత్య పత్రికల సంపాదకులకు, అనువాదకులకు, కవితా సంకలనాలు వేసే ప్రచురణకర్తలకు నమస్కారం.

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద పూర్తిస్థాయి దాడికి దిగింది. అప్పటి నుంచి మన పత్రికల్లో యుద్ధం మీద కవితలు చాలానే చదివాను. పావురాలు, తల్లుల కన్నీళ్లు, కూలిన ఇళ్లు వాటిలో కావలసినన్ని ఉన్నాయి. ఎవరి నేల మీదికి ఎవరు వెళ్లారన్న సంగతి మాత్రం చాలా వాటిలో కనబడలేదు. ఆ దాడి చేసిన రాజ్యం ఏ భాష మాట్లాడుతుందో అదే భాషలో కవిత్వం రాస్తూ, దాన్ని ఎదిరించి జైలుపాలైన వాళ్లు, ఇల్లు వదిలినవాళ్లు, చివరికి ఆ భాషనే వదిలేసినవాళ్లు ఉన్నారు. వారి గొంతు మన దగ్గర ఇంకా తక్కువగా వినిపించింది.

అలాంటి కవితలు కొన్ని అనువదించి ఒక పత్రికకు పంపాను. సంపాదకులు మర్యాదగానే జవాబిచ్చారు. రష్యా మన పాత మిత్రదేశమనీ, ఇలాంటి సమయంలో దాన్ని చిన్నబుచ్చే రచనలు ఎందుకనీ అన్నారు. అవే కవితలు చూసిన మరో సాహితీ మిత్రుడు సరిగ్గా ఎదురుమాట అన్నారు. బాంబులు వేస్తున్నవాళ్ల భాషలో ఇప్పుడు కవిత్వమేమిటి, కొన్నాళ్లు రష్యన్ ఊసే ఎత్తకండి అని. ఈ రెండు మాటలూ పైకి వేరైనా లోపల ఒకటే అనుకుంటున్నాయి: రష్యన్ భాష క్రెమ్లిన్ సొత్తు అని. ఆ భావన తప్పని చెప్పడానికే ఈ లేఖ.

సోవియట్ విప్లవకవి మయకోవ్‌స్కీతో మొదలుపెడతాను. ఆయన్ని శ్రీశ్రీ తరం మనవాడిని చేసుకుంది. మాస్కోలోని త్రియుంఫాల్నయా చౌరస్తాలో ఆయన కంచు విగ్రహం ఉంది. 1958 జూలైలో దాన్ని ఆవిష్కరించిన రోజు, అధికారిక కవుల వంతు అయిపోయాక, జనంలోంచి మామూలు యువకులు ముందుకొచ్చి కవితలు చదవడం మొదలుపెట్టారు. అది అలవాటుగా మారింది. ప్రచురణకు నోచుకోని కవితలు, నిషేధానికి గురైన కవుల కవితలు ఆ విగ్రహం కింద వినిపించాయి. 1961లో ప్రభుత్వం ఆ సభలను ఆపించి, నడిపినవాళ్లలో కొందరిని శిబిరాలకు పంపింది. 2009లో కొత్త తరం ఆ సంప్రదాయాన్ని మళ్లీ నిలబెట్టింది.

2022 సెప్టెంబరు 21న పుతిన్ పాక్షిక సైనిక సమీకరణ ప్రకటించారు. నాలుగు రోజుల తర్వాత, 25వ తేదీన, కొందరు యువకులు ఆ విగ్రహం దగ్గరే కవితలు చదివారు. వారిలో అర్త్యోమ్ కమార్దిన్ చదివిన కవిత తూర్పు ఉక్రెయిన్‌లోని డాన్‌బాస్‌లో రష్యా తరఫున తుపాకీ పట్టిన సాయుధుడిని ఉద్దేశించి రాసింది. నన్ను చంపు అని ఆ సాయుధుడికే సవాలు విసిరే కవిత అది. మర్నాడు పోలీసులు ఆయన ఇంటి మీద పడ్డారు. తీవ్రంగా కొట్టారనీ, వ్యాయామానికి వాడే డంబెల్‌తో లైంగిక హింసకు పాల్పడ్డారనీ, కెమెరా ముందు క్షమాపణ చెప్పించారనీ కమార్దిన్ చెప్పారు. 2023 డిసెంబరు 28న మాస్కోలోని త్వెర్‌స్కోయ్ జిల్లా కోర్టు ఆయనకు 7 సంవత్సరాల శిక్ష వేసింది. ఆయనతో పాటు యెగోర్ ష్తోవ్‌బాకు ఐదున్నరేళ్లు పడ్డాయి. మూడో యువకుడు నికొలాయ్ దయ్‌నెకోకు అదే ఏడాది అంతకుముందే 4 సంవత్సరాలు పడ్డాయి.

మయకోవ్‌స్కీ మీద మనం ప్రత్యేక సంచికలు వేసుకుంటాం, ఆయన పేరిట సభలు పెట్టుకుంటాం. అదే విగ్రహం కింద నిలబడి కవిత చదివినందుకు ఏడేళ్లు శిక్ష పడిన కవి పేరు ఆ సంచికల్లో ఉండకపోతే మనం ప్రేమిస్తున్నది ఎవరిని? కంచు బొమ్మనా, కవినా?

మాస్కోలో నాటకాలు నడిపే దర్శకురాలు జెన్యా బెర్కోవిచ్ కవయిత్రి కూడా. దాడి మొదలయ్యాక వరసగా కవితలు రాసి జనంలోకి వదిలారు. వాటిలో ఒకటి మే 9 విజయోత్సవం మీద. రెండో ప్రపంచయుద్ధంలో పోరాడిన తాత రాత్రివేళ మనవడి గదిలోకి వస్తాడు. నా ఫొటో మోసుకుని ఊరేగవద్దు, నా పేరు చెప్పుకుని ఈ పని చేయవద్దు, నన్ను మరచిపోయినా పరవాలేదు అన్నట్టు బతిమాలతాడు. రష్యాలో ప్రతి ఇంట్లోనూ అలాంటి తాత ఫొటో ఒకటి ఉంటుంది. రాజ్యం ఈ యుద్ధాన్ని ఆ పాత విజయానికి కొనసాగింపుగా చూపిస్తోంది. ఆ కవిత సరిగ్గా ఆ ముడినే విప్పుతుంది, అందుకే అంత కలవరపెట్టింది. 2023 మేలో ఆమెను అరెస్టు చేశారు. కేసు మాత్రం కవితల మీద పెట్టలేదు. ఉగ్రవాదుల వలలో పడిన స్త్రీల గురించి స్వెత్లానా పెత్రీయ్‌చుక్ రాయగా ఆమె ఆడించిన నాటకం ఉగ్రవాదాన్ని సమర్థిస్తోందన్నారు. 2024 జూలైలో ఇద్దరికీ ఆరేసి సంవత్సరాలు వేశారు. ఆ నాటకం 2022లో రష్యా అత్యున్నత రంగస్థల పురస్కారమైన గోల్డెన్ మాస్క్ అందుకున్నది. అసలు నేరం ఆ కవితలేనని ఆమెను ఎరిగినవాళ్లు అంటారు. నేనూ అదే నమ్ముతున్నాను.

రష్యన్ కవులంటే అందరూ ఇలాంటివాళ్లేనని చెబితే అది అబద్ధమవుతుంది. ఆ రెండో ముఖాన్ని కూడా తెలుగు పాఠకుడికి చూపించాలి. అందుకు 1831కి వెళ్లాలి.

1830 నవంబరులో వార్సాలో పోలెండ్ ప్రజలు జార్ పాలన మీద తిరగబడ్డారు. మరుసటి ఏడాది రష్యా సైన్యం ఆ తిరుగుబాటును అణచివేసింది. ఫ్రాన్సులో పోలెండ్‌కు మద్దతుగా ప్రసంగాలు సాగుతుంటే పుష్కిన్‌కు కోపం వచ్చింది. రష్యాను నిందించేవాళ్లకు జవాబుగా ఒక కవిత రాశారు. ఇది స్లావుల ఇంటిగొడవ, మీకేమీ అర్థం కాదు, తలదూర్చవద్దు అని యూరప్‌ను గద్దించారు. పెర్మ్ నుంచి తావ్రిదా దాకా, ఫిన్లాండ్ చల్లని బండల నుంచి కాకసస్ దాకా రష్యా లేచి నిలబడదా అని సవాలు చేశారు. తావ్రిదా అంటే క్రిమియా. వార్సా పతనాన్ని కీర్తించే కవితలతో కలిసి అది చిన్న పుస్తకంగా వెలువడింది.

పుష్కిన్ ఆప్తమిత్రుడు వ్యాజెమ్‌స్కీ అది చదివి మండిపడ్డారు. దేశం ఇంత పొడవున పడి ఉందని గొప్పలు చెప్పుకోవడానికి ఏముంది, మన దగ్గర ఒక ఆలోచన నుంచి ఇంకో ఆలోచనకు ఐదువేల వెర్‌స్తల (వెర్‌స్త అంటే సుమారు కిలోమీటరు) దూరం అని తన నోటు పుస్తకంలో రాసుకున్నారు. ఇంత పదునైన విమర్శను ఆ రోజుల్లో బయటపెట్టే వీలు లేదు.

మాస్కోలో, పీటర్స్‌బర్గ్‌లో పుష్కిన్‌తో స్నేహం చేసిన పోలిష్ మహాకవి ఆడమ్ మిత్స్కియెవిచ్ ప్రవాసంలో ఉండి 1832లో ఒక కవిత ప్రచురించారు. అది తన రష్యన్ మిత్రులకు రాసిన లేఖ. మీలో ఒకరు ఉరికంబం ఎక్కారు, ఒకరు గనుల్లో మగ్గుతున్నారు, ఇంకెవరైనా స్వేచ్ఛగల తన ఆత్మను జార్‌కు అమ్ముకుని అతని విజయాలకు వంత పాడుతున్నారేమో అని అందులో అంటారు. ఆ పుస్తకం మరుసటి ఏడాది పుష్కిన్ చేతికి చేరింది. పుష్కిన్ ఆ కవితను పోలిష్ భాషలోనే, తన చేత్తో, తన నోటు పుస్తకంలోకి ఎత్తి రాసుకున్నారు. తనను నిందించిన కవితను అక్షరం అక్షరం దింపుకున్న ఆ పేజీ నాకు ఆయన రాసిన చాలా కవితల కంటే ఎక్కువ చెబుతుంది. 1834లో మిత్స్కియెవిచ్ గురించి ఒక కవిత రాశారు. దాన్ని బతికుండగా అచ్చువేయలేదు.

ఇదంతా రెండు శతాబ్దాల నాటి కథ అని పక్కన పెట్టలేం. 2022లో రష్యా సైన్యం ఖెర్సోన్ నగరాన్ని ఆక్రమించినప్పుడు వీధుల్లో పెద్దపెద్ద బోర్డులు వెలిశాయి. ఈ ఊరికి రష్యా చరిత్ర ఉందని చెప్పే ఆ బోర్డుల మీద పుష్కిన్ బొమ్మ ఉంది. అటు ఉక్రెయిన్ ఊళ్లలో పుష్కిన్ విగ్రహాలను తీసేస్తున్నారు. అది చూసి మన దగ్గర కొందరు బాధపడ్డారు. ఆ బాధ నాకూ అర్థమవుతుంది. కవిని సైన్యం ముందు నడిపించినవాళ్లు ఎవరో కూడా ఆ బాధలో లెక్కకు రావాలి.

లెర్మాంతోవ్‌ది ఇంకో రకం. పుష్కిన్ మరణం మీద రాసిన కవితకు శిక్షగా 1837లో కాకసస్‌కు పంపారు, 1840లో మళ్లీ పంపారు. ఆ రెండోసారి చెచెన్యాలో వలెరిక్ నది ఒడ్డున జరిగిన పోరులో ఆయన కత్తి పట్టి నిలబడ్డారు, బాగా పోరాడారని పై అధికారులు మెచ్చుకున్నారు కూడా. దాని మీద రాసిన కవితలో నెత్తురు కలిసి నీళ్లు తాగడానికి పనికిరాకుండా పోయిన ఆ వాగు ఉంది. ఆకాశం నిర్మలంగా ఉంది, దాని కింద అందరికీ చోటుంది, అయినా మనిషి ఎందుకు కొట్లాడుతున్నాడు అన్న ప్రశ్న ఉంది. ఈ ప్రశ్న వేసినవాడు ఆక్రమించిన సైన్యంలోని అధికారి. ఆ చేదును ఆయన దాచుకోలేదు.

నా మనసులో ఈ కథకు నడిబొడ్డున ఉన్నది నతాల్యా గొర్బనేవ్‌స్కయా. ఆమె కవయిత్రి. 1968 ఆగస్టు 21 తెల్లవారేసరికి సోవియట్ ట్యాంకులు చెకోస్లొవేకియా రాజధాని ప్రాగ్‌లో ఉన్నాయి. కవి యెవ్‌తుషెంకో ఆ ట్యాంకుల మీద కోపంగా ఒక కవిత రాశారు, అది చేతిరాత ప్రతుల్లో తిరిగింది. ఆగస్టు 25 ఆదివారం మధ్యాహ్నం 12 గంటలకు ఎనిమిది మంది మాస్కో ఎర్ర చౌరస్తాలో కూర్చున్నారు. గొర్బనేవ్‌స్కయా మూడు నెలల కొడుకును తోపుడుబండిలో పడుకోబెట్టుకుని వచ్చారు. బిడ్డ పరుపు కింద గుడ్డ బ్యానర్లు మడిచి పెట్టారు, బండికి చిన్న చెకోస్లొవేకియా జెండా ఉంది. గడియారం పన్నెండు కొట్టగానే బ్యానర్లు తీసి విప్పారు. వాటిలో ఒకదాని మీద ఉన్న మాట: మీ స్వేచ్ఛ కోసం, మా స్వేచ్ఛ కోసం. కొద్ది నిమిషాల్లోనే రహస్య పోలీసులు పరుగెత్తుకొచ్చి బ్యానర్లు లాక్కున్నారు, జెండా విరిచారు, ఒకరి పళ్లు ఊడగొట్టారు. ఆ ఎనిమిది మందిలో మరో కవి వాదిమ్ దెలౌనే ఉన్నారు. ఆయనకు 2 సంవత్సరాల 10 నెలల శిక్ష పడింది. చంటిబిడ్డ ఉండటంతో గొర్బనేవ్‌స్కయాను వెంటనే విచారించలేదు. ఆమె ఆ సమయాన్ని వృథా చేయకుండా మిగతావాళ్ల విచారణ వివరాలన్నీ పోగుచేసి పుస్తకం చేశారు. 1969 చివరలో ఆమెనూ అరెస్టు చేసి, మతిస్థిమితం లేదని తేల్చి, కజాన్ ప్రత్యేక మానసిక చికిత్సాలయంలో బంధించారు. 1972లో బయటకొచ్చారు, 1975లో దేశం విడిచారు.

బ్యానర్ మీది ఆ నినాదం పుట్టింది 1831లో, వార్సాలో. జార్ మీద తిరగబడి ఉరికంబమెక్కిన రష్యన్ డిసెంబ్రిస్టులను స్మరిస్తూ పోలెండ్ ప్రజలు చేసిన ఊరేగింపులో. పుష్కిన్ పోలెండ్‌ను గద్దిస్తూ రాసిన ఏడాదీ అదే. గొర్బనేవ్‌స్కయా జీవితమంతా పోలిష్ కవిత్వాన్ని రష్యన్‌లోకి తెస్తూనే ఉన్నారు. ముప్పై ఏళ్లు ఏ దేశ పౌరసత్వమూ లేకుండా ప్యారిస్‌లో బతికితే 2005లో పోలెండ్ ఆమెకు పౌరసత్వం ఇచ్చింది. 1973లో రాసిన ఒక కవితలో, అప్పట్లో వార్సాను కాపాడనిది నేనే, ఆ తర్వాత ప్రాగ్‌ను కాపాడనిదీ నేనే అంటారు. జైల్లో, మానసిక చికిత్సాలయంలో కలిపి రెండేళ్లు పైబడి మగ్గిన మనిషి రాసిన మాట అది. 2013 ఆగస్టు 25న, 77 ఏళ్ల వయసులో, ఆమె మళ్లీ ఎర్ర చౌరస్తాకు వచ్చారు. అదే నినాదం రాసిన బ్యానర్ విప్పినవాళ్లను పోలీసులు పట్టుకుపోయారు. ఆ నవంబరు 29న కన్నుమూశారు. అప్పటికి ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని మైదాన్ చౌరస్తాలో జనం నిరసనకు చేరి ఎనిమిది రోజులైంది.

సోవియట్ యూనియన్ కవిత్వం అంటూ మనకు మాస్కో నుంచి తక్కువ ధరకు చేరిన పుస్తకాల్లో ఆమె లేరు. ఉండే వీలే లేదు. ప్రగతి ప్రచురణాలయం పుస్తకాలను నేను చిన్నచూపు చూడటం లేదు. రారా, ఉప్పల లక్ష్మణరావు వంటివారు మాస్కోలో ఉండి చేసిన అనువాదాలు మన వచనానికే మెరుగు పెట్టాయి. విశాలాంధ్ర పుస్తకాల దుకాణాల్లో ఆ పుస్తకాలు కొనుక్కుని పెరిగిన తరాలు మనవి. అయితే ఆ ఎంపిక చేసింది ఒక ప్రభుత్వం. ఆ ప్రభుత్వం పోయి మూడు దశాబ్దాలు దాటినా దాని జాబితానే మనం ఇంకా మోస్తున్నాం. అది మార్చుకోవాలని అడుగుతున్నాను.

రాజ్యం చేతిలో దెబ్బలు తిన్న కవి ఎప్పుడూ బలహీనుడి పక్షానే ఉంటాడన్న నమ్మకం మనకు బలంగా ఉంది. బ్రాడ్‌స్కీ దానికి అడ్డుపడతారు. పనీపాటా లేని సోమరి అని 1964లో విచారించి ఆయన్ని ఉత్తరాన అర్ఖాంగెల్స్క్ ప్రాంతానికి పంపారు, 1972లో దేశం నుంచి వెళ్లగొట్టారు, 1987లో నోబెల్ వచ్చింది. అంతటి కవి ఉక్రెయిన్ స్వతంత్రమైనప్పుడు దాన్ని నిందిస్తూ ఒక కవిత రాశారు. చావు ఘడియల్లో మీరు పరుపు అంచు గోకుతూ గుర్తుచేసుకునేది పుష్కిన్ పంక్తులనే, ఉక్రెయిన్ మహాకవి షెవ్‌చెంకో అబద్ధాలను కాదు అన్నట్టు ముగుస్తుంది. ఆయన దాన్ని అచ్చువేయలేదు, సభల్లో చదివారు. అది ఆయనది కాదని చాలామంది వాదించారు. 2015లో ఆయనే చదువుతున్న వీడియో బయటపడ్డాక ఆ వాదన ఆగిపోయింది. కీవ్‌లో పుట్టి, సోవియట్ కాలంలో సెన్సారుతో ఇబ్బందులు పడిన కవయిత్రి యున్నా మోరిత్స్ 2014 తర్వాత క్రిమియా విలీనాన్ని, డాన్‌బాస్ వేర్పాటువాదులను సమర్థిస్తూ కవితలు రాశారు. ఖార్కివ్‌లో పుట్టిన అన్నా దొల్గారెవా రష్యా సైన్యం పక్షాన రాసే కవుల్లో ఇవాళ బాగా వినిపించే పేరు. ఇలాంటివాటినీ అనువదించండి, నాకు అభ్యంతరం లేదు. ఎవరి పక్షాన నిలబడి, ఏ ఏడాది, ఏ ఊళ్లో కూర్చుని రాశారో మాత్రం కవిత కిందనే చెప్పండి.

క్రిమియా విషయానికి వస్తే ఇద్దరు కవులను విడవలేను. మాక్సిమిలియన్ వొలోషిన్ ఇల్లు క్రిమియా తీరంలో కొక్తెబెల్‌లో ఉండేది. 1917 తర్వాత ఆ ప్రాంతం చేతులు మారుతూనే ఉంది. బోల్షెవిక్‌ల ఎర్రసైన్యం వస్తే తెల్లసైన్యం వాళ్లను, బోల్షెవిక్‌ల మీద పోరాడే ఆ తెల్లసైన్యం వస్తే ఎర్రవాళ్లను ఆయన తన ఇంట్లో దాచారు. అంతర్యుద్ధం మీద రాసిన కవితలో, మంటల మధ్య నిలబడి ఇద్దరి కోసమూ ప్రార్థిస్తున్నానంటారు. ఈమధ్య ఉక్రెయిన్ గురించి ఏ పక్షమూ తీసుకోదలచనివాళ్లు ఆ కవితను అడ్డం పెట్టుకుంటున్నారు. అది వొలోషిన్‌కు అన్యాయం. ఆయన చూసింది ఒకే దేశంలోని మనుషులు ఒకరినొకరు చంపుకోవడం. పైగా ఆయన ప్రార్థించి ఊరుకోలేదు. వేటాడబడుతున్న మనిషికి తలుపు తీశారు, ప్రాణాలకు తెగించి.

రెండోవారు బొరీస్ చిచిబాబిన్. ఖార్కివ్ కవి, రాసింది రష్యన్‌లో. యుద్ధం ముగిసిన మరుసటి ఏడాదే, 1946లో, అరెస్టయి ఐదేళ్లు శిబిరంలో గడిపారు. 1944 మేలో స్టాలిన్ ప్రభుత్వం క్రిమియా తాతార్లు 1,90,000 మందికి పైగా జనాన్ని రైలు పెట్టెల్లో కుక్కి మధ్య ఆసియాకు తరలించింది. ఊళ్ల పేర్లు మార్చేసింది. ఆ తర్వాత రష్యన్ కవులు ఎందరో క్రిమియాకు విహారానికి వెళ్లి సముద్రం మీద, ద్రాక్షతోటల మీద రాశారు. చిచిబాబిన్‌కు ఆ తోటల్లో లేని మనుషులు కనబడ్డారు. తాతార్లు లేని క్రిమియా ఎంత సిగ్గుచేటుగా ఉందో అని రాశారు. 1973లో రచయితల సంఘం ఆయన్ని బహిష్కరించింది. 2014లో క్రిమియా ఎవరిదన్న వాదన రేగినప్పుడు పుష్కిన్ పేరు, తోల్‌స్తోయ్ పేరు సాక్ష్యానికి పిలిచినవాళ్లకు ఈ కవి పేరు గుర్తుకు రాలేదు.

ఇక 2014 తర్వాతి ఉక్రెయిన్. రష్యన్ మాట్లాడేవాళ్లను కాపాడటానికే యుద్ధమని మాస్కో చెప్పింది. రష్యన్ మాట్లాడే ఖార్కివ్, మరియుపోల్, ఒడెసాలే బాంబులకు ఎక్కువగా నలిగిన ఊళ్లలో ఉన్నాయి. 2022 మార్చి 16న మరియుపోల్ నాటకశాల మీద బాంబు పడింది. లోపల వందలమంది తలదాచుకున్నారు. విమానం నుంచి కనబడేలా నేల మీద పెద్ద అక్షరాలతో ‘పిల్లలు’ అని రాశారు. రాసింది రష్యన్ భాషలోనే.

ఖార్కివ్ మన జిల్లాల పిల్లలకు తెలిసిన ఊరు. అక్కడ వైద్యవిద్య చదువుతున్న ఆంధ్ర, తెలంగాణ విద్యార్థులు ఆ మార్చిలో నేలమాళిగల్లో, మెట్రో స్టేషన్లలో రాత్రులు గడిపి, పోలెండ్, రుమేనియా సరిహద్దులు దాటి ఇంటికి వచ్చారు. ఆ తర్వాత రెండేళ్లకు, ఉద్యోగమని నమ్మి రష్యా వెళ్లి సైన్యంలో ఇరుక్కున్న హైదరాబాద్ యువకుడు ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఈ యుద్ధం మనకు అంత దూరంది కాదు.

మానసిక వైద్యురాలు, రష్యన్‌లో రాసిన కవయిత్రి అనస్తాసియా అఫనాస్యెవా ఆ ఖార్కివ్‌కు చెందినవారే. డాన్‌బాస్ పోరు తర్వాత ఆమె రాసిన ఒక కవిత, ఆ పోరు జరిగిన ఊళ్ల పేర్లు వరసపెట్టి, యాసినువాతా తర్వాత, హోర్లివ్కా తర్వాత, సావుర్ మొహీలా తర్వాత కవిత్వం సాధ్యమేనా అని అడుగుతుంది. డొనెట్స్క్‌లో 1984లో పుట్టిన ఇయా కీవా యుద్ధం వల్ల 2014లో ఊరు వదిలి కీవ్ చేరారు. ఆమె రష్యన్‌లో రాసిన ఒక కవితలో ఇంట్లో మనుషులు మాట్లాడుకునే తీరు ఇలా ఉంటుంది: కుళాయిలో వేడి యుద్ధం వస్తోందా, చల్లటి యుద్ధం వస్తోందా, అసలు యుద్ధమే రావడం లేదా? ముట్టడిలో ఉన్న ఊళ్లో వంటింటి ప్రశ్న అది. నీళ్లు అనవలసిన చోట యుద్ధం వచ్చి కూర్చుంది, అంతే. దీన్ని చదివాక పావురాల కవితలు నాకు చదవబుద్ధి కాలేదు.

ఒడెసాకు చెందిన బొరీస్ ఖెర్సోన్‌స్కీ, ల్యుద్మిలా ఖెర్సోన్‌స్కయా దంపతులిద్దరూ రష్యన్‌లో రాసే కవులు. బొరీస్ వృత్తిరీత్యా మానసిక వైద్యులు. ఉక్రెయిన్ పక్షాన నిలబడినందుకు వారికి బెదిరింపులు వచ్చాయి, 2015 ఫిబ్రవరిలో వారి ఇంటి దగ్గర బాంబు పేలింది. బొరీస్ ఉక్రేనియన్‌లోనూ రాయడం మొదలుపెట్టారు. ల్యుద్మిలా కవిత ఒకదానిలో మనిషి మెడలో దిగిన తూటా, అక్కడ కుట్టిన కన్నులా వెనక్కి చూస్తుంటుంది. సైబీరియాలోని ఓమ్‌స్క్‌లో పుట్టిన గలీనా రింబు 2018 నుంచి ఉక్రెయిన్‌లోని ల్వీవ్‌లో ఉంటూ రాస్తున్నారు.

డొనెట్స్క్ రచయిత వొలొదీమిర్ రఫెయెంకోది వేరే దారి. నలభై దాటేదాకా రష్యన్‌లోనే రాశారు, రష్యా వెలుపలి రష్యన్ రచయితలకు మాస్కోలో ఇచ్చే పురస్కారం కూడా అందుకున్నారు. 2014లో ఊరు వదిలాక ఉక్రేనియన్ నేర్చుకుని ఆ భాషలో నవల రాశారు. 2022లో కీవ్ శివార్లలో సైన్యాల మధ్య చిక్కుకుని బయటపడ్డాక ఇక రష్యన్‌లో ఏమీ రాయనని తేల్చిచెప్పారు. కవి తన భాషను వదులుకోవడమంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇలాంటివారి రచనలను రష్యన్ సాహిత్యం అన్న శీర్షిక కింద వేయవద్దని గట్టిగా కోరుతున్నాను. వాళ్లు ఉక్రెయిన్ కవులు. ఏ పేరు కింద రావాలో వాళ్లనే అడిగి తెలుసుకుందాం. ఇవాళ ఆ రచయితల్లో చాలామందికి ఒక ఉత్తరం రాస్తే జవాబు వస్తుంది.

మీరు చేయగలిగిన పనులు చెబుతాను. పుష్కిన్ 1831 నాటి కవితను ఈసారి ఎవరైనా అనువదిస్తే, ఎదురు పేజీలో మిత్స్కియెవిచ్ కవితను కూడా వేయండి. మయకోవ్‌స్కీ జయంతి సంచిక వేస్తే అందులో కమార్దిన్‌కు చోటివ్వండి. గొర్బనేవ్‌స్కయాకు తెలుగులో ఒక చిన్న పుస్తకమైనా ఉండాలి. అందుకు రష్యన్ చదివిన యువకులు హైదరాబాద్‌లోనే దొరుకుతారు, అక్కడి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో రష్యన్ శాఖ ఉంది. ఇంగ్లీషు నుంచి చేసిన అనువాదాన్ని వాళ్లచేత మూలంతో పోల్పించండి, పోల్చినందుకు వారికి పారితోషికం ఇవ్వండి. ప్రతి కవిత కింద రాసిన ఊరు, రాసిన ఏడాది తప్పకుండా అచ్చువేయండి. 2013లో ఖార్కివ్‌లో రాసిన రష్యన్ కవిత, 2023లో మాస్కోలో రాసిన రష్యన్ కవిత ఒకటి కావు.

రష్యాలో 2022 మార్చి 4న వచ్చిన చట్టం కింద ఈ యుద్ధాన్ని యుద్ధమని పిలిచినందుకే కేసులు పెట్టారు. సైన్యం గురించి తప్పుడు సమాచారం పేరిట 15 సంవత్సరాల దాకా శిక్ష వేయవచ్చు. అక్కడి సంపాదకుడికి భయపడటానికి కారణం ఉంది. మనకు లేదు. పాత స్నేహం చెడుతుందేమోనన్న సందేహం తప్ప మనల్ని ఆపేది ఏదీ లేదు. ఆ స్నేహం నిజంగా ఆ దేశపు కవులతోనే అయితే, శిక్ష పడినవాళ్లను అచ్చువేయడం దాన్ని నిలబెట్టుకోవడమే అవుతుంది.

నేను చేసిన అనువాదాలు సిద్ధంగా ఉన్నాయి. కీవా, అఫనాస్యెవా, ఖెర్సోన్‌స్కయా, గొర్బనేవ్‌స్కయా, బెర్కోవిచ్ కవితలు వాటిలో ఉన్నాయి. మూలాలు కూడా జతచేసి పంపుతాను, తప్పులుంటే దిద్దండి. కవుల నుంచి అనుమతులు తెచ్చే బాధ్యత నేను తీసుకుంటాను. వచ్చే సంచికలో నాలుగు పేజీలు కేటాయించగల సంపాదకులు ఎవరైనా ముందుకు రావాలని అడుగుతున్నాను.

ఇట్లు,
రష్యన్ కవిత్వం చదువుకునే ఒక తెలుగు అనువాదకుడు
విజయవాడ